దసరా నాటి సైలెన్సర్

మోకిలలో మేమున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి పొద్దున్నే దిగితే తడి సిమెంటు వాసన, ఎవరో కడిగిపోయిన టైర్ల వాసన వస్తాయి. పోయిన ఆదివారం మాత్రం మెట్లు దిగుతుండగానే కాలిన పెట్రోలు వాసన ముక్కుకు కొట్టింది. మూలన ఒక కారు గుడగుడమంటూ నిలబడి ఉంది. వెనక తళతళలాడే లావుపాటి సైలెన్సర్, ఈ మధ్యనే బయట కొని బిగించింది. డ్రైవరు సీటు ఖాళీ. అద్దాలన్నీ పైకెత్తి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది, వెనక సీట్లో ఒక ముసలామె ఒక్కతే కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. ఆ కారు దాకా నేను నడిచింది ఇరవై అడుగులు ఉంటుందేమో, ఆ ఇరవై అడుగుల్లో నాకు మళ్లీ పదేళ్ల వయసు వచ్చేసింది.

మాది ఎంకపల్లి. మా బాపుకు మొయినాబాద్ దాటినాక చేవెళ్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డు, వెల్డింగ్ మిషను ఉండేవి. తొలకరికి ముందు విరిగిన నాగళ్లు, గుంటుకలు, ఎండాకాలం బోరు మోటార్ల స్టాండ్లు, ఏడాది పొడుగునా ట్రాక్టర్ల సైలెన్సర్లు వచ్చిపడేవి. షెడ్డు వెనకంతా బంతితోటలు, వాటి అవతల క్యారెట్ చెలకలు ఉండేవి కాబట్టి, కాలిన ఇనుము వాసనలో బంతిపూల వాసన, అప్పుడే పీకిన క్యారెట్ల మట్టివాసన కలిసి వచ్చేవి. అలాంటి వాసన మళ్లీ నేను ఎక్కడా చూడలేదు. మేము పిల్లలం బాపు పారేసిన వెల్డింగ్ రాడ్ల ముక్కలతో నేల మీద గళ్లు గీసి తొక్కుడు బిళ్ల ఆడేవాళ్లం, ఆయన నల్లద్దం దొంగతనంగా తీసుకుని మధ్యాహ్నపు సూర్యుడిని ఆకుపచ్చ బిళ్లలా చూసి వంతులకు కొట్టుకునేవాళ్లం.

షెడ్డు ముందర నులకమంచం మీద మా నాయినమ్మ కూర్చునేది. బాపుకు జొన్నరొట్టె, పచ్చిపులుసు కట్టుకుని నడిచి రావడం, ఆయన తినేదాకా గిన్నె పట్టుకుని కూర్చోవడం, తర్వాత ఆకు వక్క నోట్లో వేసుకుని సాయంత్రం దాకా రోడ్డు చూడడం ఆమె దినచర్య. చూడడం అన్నాను గాని, ఆమెకు కళ్లకంటే చెవులే ఎక్కువ పనిచేసేవి. మలుపు తిరగకముందే ఏ ట్రాక్టరు ఎవరిదో సైలెన్సర్ చప్పుడు బట్టి చెప్పేది, దానికి దగ్గు వచ్చింది రేపో మాపో నీ దగ్గరికే వస్తుంది అని బాపుకు జోస్యం చెప్పేది, చాలాసార్లు అలాగే జరిగేది.

అప్పటికే పట్నం చివర గాజుమేడలు లేస్తున్నాయి. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లకు ఇళ్ల జాగాలు కావాలి, తోటలు కావాలి, శని ఆదివారాలు కోళ్లు కూసే చోటు కావాలి. తెల్ల చొక్కాల బ్రోకర్లు మా చెలకల గట్ల మీద నడవడం నేర్చుకున్నారు. బాపు తన వంతు భూమి అమ్మనన్నాడు. బాపు తమ్ముడు, మా చిన్నాయన, తన వంతు అమ్మేశాడు. అమ్మిన నెలకు ఇంటి ముందు ఎర్ర కారు నిలబడింది. దాని డిక్కీలో పెద్ద స్పీకరు పెట్టించాడు, దాని వైరు కోసం డిక్కీ అడుగున రంధ్రం కొట్టించాడు. అంత చేసినా కారు చప్పుడు లేకుండా పోతోందని, ఊళ్లో ఎవరూ తల తిప్పి చూడడం లేదని ఆయనకు బెంగ పట్టుకుంది. దసరాకు మూడు రోజుల ముందు పట్నం నుంచి ఒక స్టీలు సైలెన్సర్ కొనుక్కొచ్చి, అన్నా, ఇది ఎక్కించాలి, పండుగకు ఊరంతా వినాలి అన్నాడు.

ఆ సైలెన్సర్ ఆ కారుకు పుట్టింది కాదు. మూతికి మూతి కలవలేదు, బోల్టు రంధ్రాలు ఒకటి కలిస్తే రెండోది తప్పుకునేది, పైపు నాలుగు వేళ్లు పొట్టి, వేలాడదీసే కొక్కేలు రబ్బరు కడియాల దాకా అందవు. చిన్నాయన తీసుకొచ్చిన కుర్ర మెకానిక్ ముందర బోల్టులన్నీ బలంగా బిగించేసి, తర్వాత వెనక భాగాన్ని గుంజి తగిలించబోయాడు. బాపు వాడిని కసిరి పక్కకు పంపాడు. ఆయన పద్ధతి వేరు. ఏ బోల్టూ బిగించకుండా ముందు మొత్తం వదులుగా వేలాడదీసేవాడు, దాని బరువుకు అది ఎటు వాలుతుందో చూసేవాడు, తర్వాత ఇంజను వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చేవాడు. బిగించడం మొదలుపెట్టకముందే వెనక సీటులో మనుషులను కూర్చోబెట్టేవాడు, ఎందుకంటే ఖాళీ కారుకు తగలని పైపు మనుషులు ఎక్కి కారు కిందికి దిగితే ఇరుసుకు తగులుతుంది.

అట్లా నేను, ఇంకో ఇద్దరు పిల్లలు, బరువు చాలలేదని నాయినమ్మ, ఆ కారులో ఎక్కాం. నాయినమ్మ కారెక్కడం అదే మొదలు. మెత్తటి సీటును అరచేత్తో నిమిరింది, ఆకు వక్క బయట ఉమ్మేసి నోరు తుడుచుకుని మళ్లీ ఎక్కింది. కింద పడుకున్న బాపు ఊగండి అంటే మేం ఊగాం, ఆమె కూడా మాతో ఊగి, పళ్లు లేని నోటితో నవ్వింది. ఆమె అంత నవ్వడం నేను తర్వాత చూడలేదు, చూసే వేళ కూడా మిగలలేదు.

పైపు పొట్టిదని బాపు మధ్యలో ముక్క అతకాల్సి వచ్చింది. ముందు టాకాలు వేశాడు, అంటే ముక్క కదలకుండా అక్కడక్కడ చుక్కలుగా అతికాడు. కూర్పు సరిగ్గా ఉందని తేలాక చుట్టూ నిండుగా వెల్డింగ్ చేయాలి, వెనక మూతిలో తడిబట్ట కుక్కి ఎక్కడన్నా గాలి కారుతుందా అని సబ్బునీళ్లతో చూడాలి. ఇంతలో, పండుగ ముందటి రాత్రి, కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి పండుగ తెల్లవారింది, అప్పటికే బాపు షెడ్డు కడిగి, సుత్తి, బోల్టులు బిగించే పానాలు, వెల్డింగ్ మిషను అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి, అమ్మవారి పటం ముందు పరిచేశాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదన్నది మా తాత నాటి నుంచి మా ఇంటి కట్టు.

చిన్నాయన పొద్దున్నే వచ్చి అడిగాడు. గంట పనే కదా, చేసెయ్యమన్నాడు.

"పూజల పెట్టిన పాన రేపటిదాక ముట్ట. కారు గిక్కడ్నే ఉండనియ్యి" అన్నాడు బాపు.

ఆ మాట మీద నిలబడి ఉంటే సరిపోయేది. ఇంట్లో నుంచి మటను కూర ఉడుకుతున్న వాసన, నూనెలో వేగుతున్న గారెల వాసన వస్తున్నాయి, చిన్నమ్మ కొత్త చీర కట్టుకుని వాకిట్లో తిరుగుతోంది. నాయినమ్మే మెల్లగా, మోకాళ్లు లేవడం లేదు, జమ్మి దాకా నన్ను కార్ల తీస్కపోరాదుర్రా అని అడిగింది. ఆమె నోరు తెరిచి అడగడం అరుదు. బాపు చాలాసేపు ఆమె మోకాళ్ల వైపు చూశాడు.

"అద్దాలు దించి తోలు. కింద గ్యాస్ కారుతుంటది" అన్నాడు తమ్ముడితో.

సాయంత్రం ఊరంతా శుభమని పాలపిట్టను చూడడానికి, జమ్మి చెట్టున్న చెలకల వైపు కదిలింది. కారు ఊరి మధ్య నుంచి వెళ్తుంటే కుక్కలు పారిపోయాయి, పసుల కొట్టాల్లో బర్రెలు తాళ్లు గుంజాయి, మనుషులు తలలు తిప్పారు. చిన్నాయన కోరుకున్నది అదే. ఊరు దాటగానే దుమ్మని అద్దాలన్నీ ఎత్తి ఏసీ పెట్టాడు. నేను వెనక సీట్లో నాయినమ్మ పక్కన ఉన్నాను, బాపు మాట నేనూ విన్నాను, కాని చల్లగాలి ముఖానికి తగులుతుంటే ఎందుకు చెబుతాను? జమ్మి దగ్గర ఆగాక ఆయన ఇంజను బంద్ చేయలేదు. అవ్వకు చల్లగా ఉంటుంది అన్నాడు, ఊరు వింటుంది అనలేదు. ఆయన, చిన్నమ్మ దిగి జనంలో కలిసిపోయారు. నాకు తల నొస్తోంది, కడుపులో తిప్పుతోంది. నాయినమ్మకు చెప్పాను.

"నాకు గూడ జర తల బరువున్నది బిడ్డ. నువ్వు పోయి బంగారం తీస్కరా, నేను కండ్లు మూసుకుంట" అంది.

మా దగ్గర దసరా నాడు జమ్మి ఆకును బంగారం అంటారు, పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. బయటి గాలి తగలగానే నా తలనొప్పి తగ్గింది. తగ్గింది కాబట్టి ఆడుకున్నాను, అదీ నిజమే. కనిపించిన ప్రతి ముసలివాళ్ల చేతిలో ఆకు పెట్టి దీవెనలు తీసుకుని, చివరికి గుప్పెడు ఆకులతో కారు తలుపు తీశాను. నాయినమ్మ చేతిలో జమ్మి పెట్టాను. ఆమె వేళ్లు ముడవలేదు, ఆకు జారి సీటు కింద పడింది. ఇంకొకటి పెట్టాను, అదీ పడింది.

ఊరంతా దండం పెట్టింది. పండుగ నాడు పోయింది, జమ్మి నీడన పోయింది, చల్లటి కార్లో నొప్పి లేకుండా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. ఆమె ముఖం కూడా ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది, దవాఖాన మాట ఎవరూ ఎత్తలేదు. మూడో నాడు బాపు ఒక్కడే కారు కిందికి దూరాడు, నేను పక్కన నిలబడ్డాను. టాకాల మధ్య సందుకు ఎదురుగా కారు అడుగంతా మసి పట్టి ఉంది. స్పీకరు వైరు రంధ్రం అంచు కూడా నల్లగా ఉంది, పొగ ఆ దారినే లోపలికి ఎక్కింది. చిన్నాయన వచ్చి వంగి చూశాడు, ఆయనకూ అర్థమైంది.

"అన్న, ఊరంత మంచిగ పోయిందనుకుంటున్నది. గట్లనే ఉండనియ్యి" అన్నాడు.

బాపు కిందనే పడుకుని ఆ మసిని బొటనవేలితో తుడిచాడు. "ఒక్క గంట పనిరా. దేవుని ముందట నుంచి ఒక్క పాన తీస్తే అయిపోతుండె. నేను తియ్యలె" అన్నాడు. ఆ తర్వాత అన్నదమ్ములు ఎదురుపడి మాట్లాడుకోవడం నేను చూడలేదు.

చిన్నాయన నాయకుడయ్యాడు. ప్రతి ఎండాకాలం తల్లి పేరుతో చలివేంద్రం పెట్టి ఫ్లెక్సీ కడతాడు, ఫ్లెక్సీలో తల్లి కంటే తను పెద్దగా ఉంటాడు. ఆ నీళ్లు నేను ఇప్పటిదాకా తాగలేదు, తాగను. బాపు మళ్లీ ఏనాడూ పనిముట్లను పూజలో పెట్టలేదు, పైగా దసరా నాడు ఏదో ఒక పైపు అతికితేగాని అన్నం తినేవాడు కాదు, ఊరు ఆయనను పిచ్చివాడంది. తర్వాత రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది, బంతితోటలు విల్లాలయ్యాయి, క్యారెట్లు నేనూ సూపర్ మార్కెట్లో సంచి విప్పి చూసి కొంటున్నాను. ఆ గాజుమేడల్లోనే ఉద్యోగం చేస్తూ, ఒకప్పటి చెలకల మీద కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఉంటూ దానికి అప్పు కడుతున్నదాన్ని, ఎవరిని తిట్టాలో కూడా సరిగ్గా తేలదు.

సెల్లార్‌లో ఆ కారు దగ్గరికి చేరి అద్దం మీద కొట్టాను. ముసలామె కళ్లు తెరవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, నాకు మాత్రం చాలాసేపు పట్టినట్టుంది. తెరిచింది. లిఫ్టు నుంచి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు, ఆంటీ, సౌండ్ ఎక్కువైందా, మా అమ్మమ్మకు ఉక్కపోస్తదని ఏసీ పెట్టిన, రెండే నిమిషాలు అన్నాడు.

"ఇంజన్ బంద్ చెయ్యి" అన్నాను. గొంతు మా బాపుదిలా వచ్చింది.

వాడు మొహం మాడ్చుకుని తాళం తిప్పాడు. సెల్లార్ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. "ఏమైంది బిడ్డ, జర తల బరువున్నది, గంతే" అంది ఆమె. తలుపు తెరిచి చెయ్యి చాచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది, వేళ్లు గట్టిగానే ముడుచుకున్నాయి. ఆమెను మెట్లెక్కించి, బయట ఎండలో కూర్చోబెట్టేదాకా ఆ చెయ్యి వదలలేదు.