ప్రతి ఇత్తడి కేసులోకీ తొంగి చూసిన అంకుల్

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ డబ్బా మూత తీస్తుండగా ఆంటీ ఫోన్ చేశారు. "బేటా, అంకుల్ ఇక లేరు. పొద్దుగాల ఫజర్ నమాజు చదువుకొని పన్నరు, మళ్ల లేవలే," అన్నారు. మళ్ళీ ఆవిడే, "తిన్నవా? తినేసి రా, పర్వాలేదు," అన్నారు. భర్త పోయిన పూట కూడా ఎదుటి మనిషి తిన్నదో లేదో అడిగే ఇల్లు అది. నేను డబ్బా మూసేసి రైలెక్కాను.

ఆయన నాకు బంధువు కాదు. క్వేకర్స్ హిల్‌లో వాళ్ళింటి వెనక అవుట్‌హౌస్ లాంటి చిన్న గ్రానీ ఫ్లాట్ ఉంది. రెండు వేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్ ప్రోగ్రాములు తేదీలు తప్పకుండా దిద్దే Y2K పని మీద సిడ్నీ వచ్చిన కొత్తలో ఏడాదిన్నర అందులో అద్దెకున్నాను. తెనాలి నుంచి వచ్చిన నాకు ఈ దేశంలో తెలుగులో పలకరించిన మొదటి మనిషి అంకుల్. హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్ రూములో పని నేర్చుకుని, ఎనభైల మొదట్లో ఇక్కడికి వచ్చారు. యంత్రాల కోసం డైలు, అంటే లోహాన్ని నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు, చేయడం ఆయన వృత్తి. శనివారాలు ఆయన ఏం చేస్తారో మాత్రం అద్దెకి దిగేముందు ఎవరూ చెప్పలేదు.

మొదటి శనివారం గ్యారేజీ షట్టర్ పైకి లేచి ఉంటే పలకరిద్దామని వెళ్ళాను. బల్ల మీద ఒక చేతి ప్రెస్సు, పక్కన బకెట్ నిండా పచ్చగా మెరిసే ఇత్తడి. "ఏంటంకుల్ ఇవి?" అన్నాను. "తూటాలు బేటా. పిస్టల్‌వి. చాయ్ తాగుతవా?" అన్నారు, వడియాలు పెడుతున్నానన్నంత మామూలుగా. నేను చాయ్ తాగకుండానే వచ్చేశాను. ఆ వారం ఫోన్ కార్డు గీకి మా అమ్మతో చెబితే, "తుపాకీ గుళ్ళు చేసే ఇంట్లో దిగావుటే! తలుపు గడియ పెట్టుకుని, కుర్చీ కూడా అడ్డం పెట్టుకో," అంది. నేను నిజంగానే పెట్టుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నిజానికి అంత నియమంగా బతికిన మనిషిని నేను చూడలేదు. ఆయనకి లైసెన్సు ఉంది, పిస్టల్ క్లబ్బులో సభ్యత్వం ఉంది, పిస్టళ్ళు దాచడానికి గోడకి బిగించిన ఇనుప బీరువా ఉంది. దాని తాళం చూసి పోవడానికి పోలీసులు వస్తే ఆంటీ వాళ్ళకి సమోసాలు పెట్టేవారు. క్లబ్బులో అందరూ సాసేజీలు తింటుంటే, అవి హలాల్ కావని ఈయన బ్రెడ్డులో వేయించిన ఉల్లిపాయలు మాత్రం వేసుకు తినేవారు. గురి అంతంతమాత్రం. "పేల్చుడు రెండు సెకన్ల పని. చేసుడే మజా," అనేవారు.

ఆ చేసుడు ఏమిటంటే, తూటా పేలాక నేల మీద పడే ఖాళీ ఇత్తడి గొట్టాన్ని కేసు అంటారు. మిగతావాళ్ళు తుక్కు కింద వదిలేసే కేసులని ఈయన బకెట్‌తో ఏరి తెచ్చుకునేవారు. వాటిని కడిగి, మంట మీద మెత్తబరిచి, లోపల సీసం పెట్టి, తను చేసుకున్న డైలో నొక్కేవారు. పాత ఇత్తడి కొత్త తూటాకి పై తొడుగు అయ్యేది. దాన్ని అందరూ జాకెట్ అంటారు. అంకుల్ షేర్వానీ అనేవారు. "సీసం మన దూల్హా, పెండ్లికొడుకు. నల్లగ, మెత్తగ ఉంటడు. షేర్వానీ తొడిగితే గాని బారాత్‌కి పనికి రాడు," అని నవ్వేవారు. తయారైన తూటాని వేళ్ళ మధ్య తిప్పుతూ కిటికీ వెలుగులో చూసుకునే ఆయన ముఖం నాకిప్పటికీ కనిపిస్తోంది. అది ఎక్కడికి పోయి ఏ కాగితానికి చిల్లు పెడుతుందన్న ధ్యాస ఆ ముఖంలో ఉండేది కాదు.

కుర్చీ అడ్డం పెట్టుకున్న నేనే నాలుగు నెలలు తిరిగేసరికి ఆ గ్యారేజీలో చేరాను. శని, ఆదివారాలు మనిషి అలికిడి లేని ఊళ్ళో ఒంటరిగా కూర్చుంటే పిచ్చెక్కేది. అంకుల్ నాకొక పని ఇచ్చారు. ప్రతి కేసునీ చేత్తో పట్టుకుని దాని నోట్లోకి తొంగి చూడాలి. ఖాళీ అయితేనే పళ్ళెంలో వేయాలి. పేలకుండా మొండికేసిన తూటా ఒక్కోసారి ఖాళీల్లో కలిసిపోతుందట. అది మంట దగ్గరికి వెళ్ళిందంటే ఇక చెప్పక్కర్లేదు.

నేను చూసిన పళ్ళేన్ని ఆయన దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటి నుంచి తొంగి చూసేవారు. నాకు ఒళ్ళు మండేది. "నా మీద నమ్మకం లేకపోతే నాకెందుకు ఇవ్వడం?" అని ఓసారి అడిగేశాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "నమ్మేది నిన్ను బేటా. చూసేది కేసుని," అన్నారు. ఇదేం సమాధానమని లోపల విసుక్కున్నాను.

తొంభై తొమ్మిది సెప్టెంబరులో ఒక శనివారం. ఆ పొద్దున్నే ఇండియా నుంచి మా ఆయన ఫోన్ చేసి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాననీ, డిసెంబరులో వచ్చేస్తున్నాననీ చెప్పారు. నా కాళ్ళు నేల మీద లేవు. బకెట్‌లో సగం వరకూ ఒక్కొక్కటే చూశాను. మిగతా సగం, అన్నీ ఒకేలా ఉన్నాయి కదా అని, పళ్ళెంలోకి ఒంపేశాను. అంకుల్ స్టవ్ వెలిగించి, పళ్ళెం లాక్కుని అలవాటుగా చూడడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆయన చెయ్యి ఆగింది. ముందు స్టవ్ ఆపేశారు. తర్వాత అరచేయి నా ముందు చాపారు. మట్టి పట్టిన తూటా ఒకటి, సీసం తలతో సహా, పేలకుండా ఉంది.

"ఇవన్ని చూసినవా?"

"చూశానంకుల్," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

ఆయన తూటాని విడిగా ఉన్న డబ్బాలో పెట్టి మూత బిగించి వచ్చి కూర్చున్నారు. "సగమే చూశాను," అన్నాను. అంటూనే ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపు ఆ తూటా ఒక్కదాని కోసం కాదు. ఆఫీసులో కూడా నేను సరిగ్గా ఇదే పని చేసి ఉన్నాను.

అదొక పెన్షన్ల కంపెనీ. పాత ప్రోగ్రాములు వందలు. ఒక్కొక్కటీ వరస వరసా చదివి, ఏడాదిని రెండంకెల్లో దాచుకున్న చోటల్లా దిద్ది, చూశానని సంతకం పెట్టాలి. నా వాటాలో ఒకే అచ్చులో రాసిన ప్రోగ్రాములు ముప్పై ఎనిమిది ఉన్నాయి. మొదటి మూడు చదివి, మిగతా ముప్పై ఐదింటికీ వరసగా సంతకాలు పెట్టేశాను. నెల దాటింది. చెబితే కాంట్రాక్టు పోతుంది. దాంతో వీసా పోతుంది. అక్కడ మా ఆయన ఆ పొద్దున్నే ఉద్యోగం వదులుకున్నారు. ఇదంతా అంకుల్ ముందు ముక్కు చీదుకుంటూ చెప్పాను.

ఆయన ఓదార్చలేదు. తన కథ ఒకటి చెప్పారు. హైదరాబాద్‌లో ఒక రోజు చేతులు లోపలికి పోకుండా ప్రెస్సుకి పెట్టే కాపలా రేకు బిగించారో లేదో చూడకుండానే, చూశానని కార్డు మీద రాసిచ్చారట. రేకు వదులుగా ఉంది. ఆ ప్రెస్సు మీద పనిచేసే స్నేహితుడికి రెండు వేళ్ళు పోయాయి. "అందరు మిషన్‌ది తప్పు అన్నరు. నేను గూడ ఊకున్న. నాలుగేండ్లకి పోయి ఆనితోని చెప్పిన, నేను చూడలేదు భయ్యా అని. ఇప్పటికి ఈద్ నాడు మొదటి ఫోన్ ఆనికే చేస్త."

"ఇప్పుడు నేనేం చెయ్యను?"

"చెప్తే ఏమైతది? పంపిస్తరు. అది నీకు ఎరుకే. చెప్పకుంటే ఏమైతదో నీకు ఎరుక లేదు, నాకు లేదు. నాలుగేండ్లు గట్ల మోసిన బేటా. మస్తు బరువుంటది."

"పంపించేస్తే?"

"మీ ఆయన్ని ఎయిర్‌పోర్ట్‌ల ఆడనే నిలబడమంటం, నువ్వే పోతవ్," అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. ఆంటీ లోపల్నుంచి చాయ్ పట్టుకొచ్చి, "పిల్లని ఏడిపిచ్చినవా?" అని ఆయన్ని కసిరారు.

సోమవారం మా టీమ్ లీడ్ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. పొడుగాటి ఆస్ట్రేలియన్ ఆవిడ, మాటలు పొదుపు. అంతా విని, ముప్పై ఐదు ప్రోగ్రాములూ ప్రింటు తీయించి నా బల్ల మీద పెట్టించింది. శుక్రవారం లోపు చదవమంది. ఆ తర్వాత నిన్ను ఉంచాలా వద్దా చూస్తానంది. నాలుగు రోజులు తిండీ నీళ్ళూ పట్టకుండా చదివాను. ప్రతి వరసకీ వేలు పెట్టి చదివాను. తీరా చూస్తే ఒక్క తప్పు లేదు. ముప్పై ఐదూ శుభ్రంగా ఉన్నాయి. ఆవిడ నన్ను పంపలేదు కానీ, ఆ తర్వాత రెండు నెలలు నా సంతకం కింద ఇంకొకరి సంతకం ఉండాల్సిందేనంది.

నాకు అంకుల్ మీద కోపమొచ్చింది. షట్టర్ కింది నుంచి దూరి వెళ్ళి, "ఒక్క తప్పూ లేదు తెలుసా! ఊరికే పరువు పోగొట్టుకున్నాను," అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డారంటే, చేతిలో ప్రెస్సు పిడి వదిలేసి చప్పట్లు కొట్టారు. "ఒక్కటి లేదా? మాషాల్లా! ఇప్పుడు నీకు ఎరుక అయింది గద," అన్నారు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

మా ఆయన డిసెంబరులో వచ్చారు. ఎయిర్‌పోర్టుకి అంకులే కారు తెచ్చారు. రెండు వేల సంవత్సరం మొదటి రోజు పొద్దున డ్యూటీ ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి అంకుల్ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "అంత మంచిగనేనా?" అని అడిగారు. అంతా బాగానే ఉందన్నాను. అది రంజాన్ నెల. తను ఉపవాసంలో ఉండి, మా ఇద్దరికీ ఎదురుగా కూర్చుని టిఫిన్ తినిపించారు. ఈ దేశంలో నాకు దొరికిన ఉద్యోగం, ఇల్లు, మనశ్శాంతి, వీటన్నిటికీ ఆ గ్యారేజీ బల్లే మొదలు. ఈ సంగతి ఆయన బతికుండగా నేను ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేము రెండు వీధుల అవతల ఇల్లు కొనుక్కున్నాక కూడా శనివారాలు మానలేదు. నేను చూడడం, ఆయన మళ్ళీ చూడడం. కిందటేడు షుగర్ ఆయన కళ్ళ మీద పడింది. ఎవరూ అడక్కముందే తనే క్లబ్బుకి వెళ్ళి, "నా కన్ను ఇక సరిపోదు," అని చెప్పి పిస్టళ్ళు అప్పగించి, లైసెన్సు వదిలేసుకున్నారు. డైలూ ప్రెస్సూ క్లబ్బులో ఒక మిత్రుడికి ఇచ్చేశారు. మిగిలింది ఒక బకెట్ ఇత్తడి. దాన్ని తుక్కు కరిగించేవాళ్ళకి ఇవ్వాలి. అక్కడా మంటే కాబట్టి చూడకుండా ఇవ్వడానికి వీల్లేదు.

రంజాన్‌కి ముందు ఒక శనివారం ఇద్దరం కూర్చున్నాం. ఒక్కొక్క కేసే తీసి తొంగి చూసి డబ్బాలో వేశాను. ఆయన కిటికీ వైపు ముఖం పెట్టి, ఇత్తడి మీద ఇత్తడి పడే చప్పుడు వింటూ కూర్చున్నారు. రెండు గంటలు పట్టింది. అయిపోయిందని చెప్పి, అలవాటుగా డబ్బాని ఆయన వైపు జరిపాను. ఆయన చెయ్యి చాపి డబ్బా అంచు తడిమారు. లోపలికి చూడలేదు.

"నువ్వు చూసినవ్ గద," అన్నారు. "మూత పెట్టు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన అనడం అదే మొదటిసారి. నేను మూత పెట్టాను. కాసేపు దాని మీద చెయ్యి ఉంచి కూర్చున్నాను. తర్వాత మూత తీసి, డబ్బా మొత్తం బల్ల మీద ఒంపి, మొదటి కేసు చేతిలోకి తీసుకున్నాను. చప్పుడు విని అంకుల్ తల ఇటు తిప్పారు. కుర్చీ ముందుకు లాక్కుని, నేను చూసి అందించే ఒక్కొక్క కేసునీ అరచేతిలో పట్టుకుని డబ్బాలో వేయడం మొదలుపెట్టారు.