రాతిపువ్వు మీద పసుపు

1986 జూన్‌ల నేను ఆర్మూర్‌కు, అక్కడి డిగ్రీ కాలేజీల బాటనీ లెక్చరర్‌గా బదిలీ అయి వచ్చిన. శాఖల ఇద్దరమే. సీనియర్‌ను నేను. రాజేశ్వర్ నాకంటె చిన్న. పిల్లలకు ఆయన పాఠమంటే పానం, ప్రిన్సిపాల్‌కు ఆయన మాటంటే వేదం. నాకు ఒళ్లు మండేది. దాచుడెందుకు?

మరుసటి ఏడు మా శాఖకు పీహెచ్‌డీ చేసుకోనీకి పూర్తి జీతంతోని ఒక్క సెలవు మంజూరైంది. నాకు ఆ సెలవుకు వయసు హద్దు దగ్గరికొచ్చింది, అప్పుడు రాకుంటే ఇగ రాదు. ఎవరికియ్యాల్నో యూనివర్సిటీ ప్రొఫెసర్ తేల్చాలె. ఇద్దరం ఎంచుకున్న విషయం గూడ ఒక్కటే, లైకెన్.

మసాలల వేసే రాతిపువ్వు తెలుసు గద, అదే లైకెన్. పేరుకు రాతిపువ్వు గని, ధర్పల్లి దిక్కు అడవిల చెట్ల బెరడు మీద మస్తు కనవడుతది. చూసేటోళ్లు చెట్టుకు రోగమనుకుంటరు. రోగం గాదు. ఒక బూజు, ఒక పాచి కలిసి చేసే కాపురం. పాచి ఎండ పట్టి తిండి వండుతది, బూజు తడి పట్టి ఇల్లు నిలవెడుతది. చెట్టు దగ్గర తీసుకునేది కూసునే జాగ మాత్రమే. ఎండకాలం బూడిద రంగుకు తిరిగి అప్పడం లెక్క పెళపెళలాడుతది, ఒక్క వాన పడితే పచ్చగ మెత్తవడుతది. గోరంత పెరగనీకి ఏండ్లు పడుతది.

చూపుకు చాలా రకాలు ఒక్కతీరే ఉంటయి, అందుకే చుక్క పరీక్ష. బెరడుతోని సహా ఉలితో తీసి కాయితం పొట్లంల పెడతం. తర్వాత పైపొరను బ్లేడుతో గీకి లోపలి తెల్లపొర మీద క్షారం నీళ్ల చుక్క వేస్తం. మా అడవిల మామూలు రకానికి లోపల రంగు మారదు. ఎర్రవడ్డదంటే అది వేరే రకం.

పసుపు సీజన్‌ల ఒకనాడు రాజేశ్వర్ తన పొట్లం తెచ్చి, ‘మేడం, జర చూడుండ్రి’ అని చుక్క వేసిండు. ఎర్రవడ్డది. జిల్లాల ఎవరూ చూడని రకమని కాలేజంత గుప్పుమన్నది. ప్రిన్సిపాల్ మిఠాయి తెప్పిచ్చిండు. నా ముక్కను కాయితంల చుట్టి బల్ల సొరుగుల వెట్టిన.

ఆ ఆదివారమే నేను అడవికి పోయి, ఆయన చెప్పిన చెట్టు మీదనే ముక్క తీసుకొచ్చి చూసిన. ఎర్రవడలే. అప్పుడు యాదికొచ్చింది. ఆయన కిరాయికి ఉండేది పసుపు సేటు ఇంటి మేడ మీద. కింద డ్రమ్ములల్ల పసుపు కొమ్ములు తిప్పి మెరుగు పెడుతుంటరు, దుమ్ము ఇల్లంత. పొట్లాలు ఆరవెట్టేది ఆ మేడ మీదనే. ఆయనకు చెప్పలే. ప్రొఫెసర్ వచ్చేదాక కడుపుల దాచుకున్న.

ప్రొఫెసర్ ముందల రాజేశ్వర్ చుక్క వేసి చూపెట్టిండు. నేను లేచి ఆ క్షారం సీసనే అందుకొని, ఖాళీ చేసిన పొట్లం కాయితం మీద వేసిన. కాయితం గూడ ఎర్రవడ్డది. పసుపుల సున్నం కలిపిన ఎర్రనీళ్లతోని దిష్టి తీసేటోళ్లం, అక్కడ ఎవరికీ వివరం చెప్పే పని పడలే. ‘గది రాతిపువ్వు ఎరుపు గాదు సార్, సేటు పసుపు’ అన్న. రాజేశ్వర్ మొఖం మాడింది. నా పానం సల్లవడ్డది.

సెలవు ఎవరికో వానకాలం మొదట్ల చెప్తనని ప్రొఫెసర్ పోయిండు. రాజేశ్వర్ నా మీద కోపానికి రాలే. ‘గిట్లయితే కాలేజీల ఉన్న పొట్లాలన్నీ మల్ల చూడాలె గద మేడం?’ అన్నడు. మీరే చూసుకోండ్రి అన్న. ఎండకాలం సెలవులల్ల ఒక్కడే కూసొని, ఒక్కొక్కటి మెత్తటి కుంచెతోని దులిపి, ముందు కాయితం మీద, తర్వాత లైకెన్ మీద చుక్క వేసి చూసిండు. లైకెన్ సొంత ఎరుపయితే ముందు పసుప్పచ్చగయి నిదానంగ ఎర్రవడుతది, దుమ్మయితే చుక్క పడంగనే ఎర్రవడుతదని తేల్చిండు. సెలవు ఆయనకే వచ్చింది.

తప్పు పట్టింది నేను గద సార్ అని ప్రొఫెసర్‌ను అడిగిన. ‘పట్టిండ్రమ్మా. పట్టినంక మీరేం చేసిండ్రు?’ అన్నడు.

ఆయన డాక్టర్ రాజేశ్వర్ అయిండు, నేను లెక్చరర్‌గనే రిటైరైన. ఆయన పేరు వినవడితే ఇప్పటికీ కడుపు మండుతది. ఆ ఉద్యోగంల నేను నేర్చుకున్నదేందంటే, ఎదుటోని తప్పు మన పని కింద జమ గాదు.