రొయ్యల మేత తిన్న తాబేలు

మా అమ్మాయి పెంచుకుంటున్న తాబేలు సరిగ్గా నడవలేకపోతోందని ఈ రోజు పాలకొల్లులో పశువుల డాక్టరు గారికి చూపించాం. మావి రొయ్యల చెరువులు. ఇంట్లో మేత బస్తాలు ఎప్పుడూ ఉంటాయి కదా అని మా ఆయన మొదటినుంచీ దానికి ఆ మేతే వేశారు. రూపాయి బిళ్ళంత ఉన్నది ఏడాదికే అరచేయంత అయిందని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవారు.

డాక్టరు గారు డిప్ప నొక్కి చూశారు. మెత్తబడి, వంకర తిరిగిపోయి ఉంది. ఈ మేత వల్ల కిడ్నీలు కూడా పాడయ్యుంటాయన్నారు.

"మంచి మేతేనండి. అది తిని మా రొయ్యలకి ఎప్పుడూ ఏమీ కాలేదు," అన్నారు మా ఆయన.

"నాలుగు నెలలకే పట్టేసి అమ్మేస్తారు కదండి, ఏమన్నా అవడానికి వాటికి టైమెక్కడిది? ఇది ముప్పై ఏళ్ళు బతకాల్సిందండి," అన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చి డాక్టరు గారు చెప్పినట్టే తోటకూర సన్నగా తరిగి దాని ముందు పెట్టాం. కదల్లేదు. మా ఆయన మేత బస్తా వైపు నడిస్తే మాత్రం మెడ చాచింది.

ఇన్నేళ్ళుగా మేం మేపిన ప్రాణుల్లో ముసలితనం చూసింది ఒక్కటీ లేదని నాకు ఇప్పుడే తట్టింది. తాబేలుకి ఆకుకూర అలవాటు చేసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, కొంచెం త్వరగా చెప్పండి.