గోడకు నాలుగు రంపాలు... నేనన్న ఒక్క మాట

మా చిన్నప్పుడు నల్లగండ్లలో మా ఇంటి గోడకు దేవుడి పటాలకంటే రంపాలే ఎక్కువ కనిపించేవి... నాయిన వడ్రంగి. సున్నం రాలే ఆ గోడకు నాలుగు మేకులు, నాలుగు రంపాలు. మేం ముట్టుకున్నామంటే వీపు విమానం మోతే.

అన్నిటికంటే పొడుగుది తాతది. రెండు వైపులా పిడులు... దుంగ మీద ఒకరు, కింద గుంటలో ఒకరు నిలబడి లాగేవారట. గుంటలో నిలబడే పని తాతదే. పొట్టు కళ్ళలో పడీ పడీ చివరి రోజుల్లో ఆయనకు చూపే ఆనేది కాదు.

రెండోది నిలువు కోతకు. బాలానగర్‌లో ఓ కార్ఖానా నుంచి ఉక్కు బద్ద తెచ్చుకుని, ఆకురాయితో అరగదీసి నాయినే పళ్ళు తీశాడు. మూడోది అడ్డకోతకు... నాలుగోది రేకు బాగా సన్నం, కుర్చీ చేతుల వంపులు తిప్పడానికి.

"మొదటి రంపం ఎవరు చేసిన్రు నాయినా?" అని అడిగితే, "చేప ముల్లును చూసి చేసిన్రంట బిడ్డా... నిజమో కాదో ఆ చేపకే తెల్వాలె" అనేవాడు.

కోత మొదలుపెట్టేటప్పుడు ఎడమచేతి బొటనవేలిని గీత పక్కన నిలబెట్టేవాడు. రంపం రేకును దానికి ఆనించి, మెల్లగా రెండుసార్లు లాగి, గాటు పడ్డాక వేలు తీసేవాడు. "ఏలు తొవ్వ చూపియ్యాలె. లేకుంటే రంపం గీత తప్పి జారుతది" అని నాకు నేర్పాడు కూడా.

అప్పుడే గచ్చిబౌలిలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి... కొత్త పనివాళ్ళు కరెంటు కట్టర్లు తెచ్చారు. నాయిన పూటంతా కోసేది వాళ్ళు చాయ్ చల్లారేలోపు కోసేవాళ్ళు. మేస్త్రీ నాయినను పిలవడం తగ్గించాడు.

తొమ్మిదో తరగతికి వచ్చాను కదా, నాకు తెలివి ఎక్కువైంది... నాయినతో పనిచేసే ఇద్దరు ఇంటికి వచ్చినప్పుడు, వాళ్ళ ముందే అన్నాను. "అందరు మిషన్ వాడుతున్నరు. నీకే ఎందుకు నాయినా అంత భయం?"

వాళ్ళు నవ్వారు. నాయిన తల వంచుకుని చాయ్ తాగాడు. ఆ వారమే కట్టర్ కిరాయికి తెచ్చాడు.

మూడో రోజు... తలుపు చట్రం చెక్క మీద గీత గీశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు... బొటనవేలు దానంతట అదే వెళ్ళి గీత పక్కన నిలబడింది. రెండో చేత్తో కట్టర్ ఆన్ చేశాడు.

దవాఖానలో కట్టు కట్టారు. వేలు అతకలేదు. అమ్మ ఏడుస్తూనే ఉంది... నాయిన నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. మిషన్‌కు తొవ్వ చూపియ్యద్దని నాకే తెల్వకపాయె" అన్నాడు. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

ఆ చేత్తో చెక్కను గట్టిగా పట్టలేకపోయాడు. ఓ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. రంపాలను పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు... తాతది కూడా. ఎందుకని అమ్మ అడిగితే, ఇంట్లో పిల్లలకు తెగుతుందన్నాడు. అప్పటికి పిల్లలం ఎవరం? నేను ఇంటర్‌లో ఉన్నాను.

ఇప్పుడు నా ఆఫీసు గచ్చిబౌలిలోనే... మా ఫ్లాటులో అల్మారాలన్నీ ఎక్కడో మిషన్ మీద కోసుకొచ్చి, ఒక్క పూటలో బిగించి పోయారు. వచ్చింది ఎవరో, వాళ్ళ పేరేంటో కూడా నేను అడగలేదు.

నాయిన పోయి మూడేళ్ళు. ఆ వేలు పోయాక చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలా అవస్థ పడేవాడు. డ్యూటీకి వెళ్ళే ముందు రోజూ నేనే పెట్టేదాన్ని... అంత దగ్గర నిలబడి కూడా, "తప్పయింది నాయినా" అన్న రెండు మాటలు నా నోట్లోంచి రాలేదు.

మీ ఇంట్లో ఏ పనిముట్లు ఉండేవో రాయండి, చదువుతాను... కానీ వాటిని పట్టిన చేతులు ఇంకా ఉంటే, నాకు తర్వాత రాయవచ్చు. ముందు లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.