బంటుమిల్లి సుబ్బారావు గారి చెరువు

ఆ రోజుల్లో నా ఉద్యోగమల్లా, అసలు లోకంలోనే లేని మనుషుల్ని పుట్టించడం. వాళ్ళలో ఒకాయన నా కడుపు కొట్టాడంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. గుడివాడలో ఓ బట్టల షాపు మీది గదిలో మా కంపెనీ ఉండేది. రొయ్యల రైతుల కోసం ఫోన్ యాప్ చేస్తున్నాం. అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలంటే అందులో రైతులుండాలి కదా. అడిగినంతమంది ఉత్తుత్తి రైతుల్ని తయారుచేసి ఇచ్చే ప్రోగ్రాం నేను రాశాను. మా భాషలో దాన్ని ఫ్యాక్టరీ అంటారు. మొదట్లో నా రైతుల పేర్లు టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు. మా మేనేజరు (ఆఫీసంతా బావ అనే పిలిచేవాళ్ళం) అది చూసి, ఇంటిపేరూ ఊరూ లేకుండా మనిషేంటని మండిపడ్డాడు. సరేనని మన వైపు ఇంటిపేర్లూ ఊళ్ళూ, ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలో కూడా ఎక్కించాను. రైతులు యాప్ తీసుకుంటేనే నా ఉద్యోగం పర్మినెంటు.

పామర్రులో రైతుల్ని కూర్చోబెట్టి తెర మీద చూపించాం. జబ్బు హెచ్చరిక ఎలా వస్తుందో చూపాలంటే ఎవరో ఒకరి చెరువుకు జబ్బు రావాలి. ఫ్యాక్టరీ బంటుమిల్లి ఊళ్ళో ఓ సుబ్బారావును పుట్టించి, ఆయన చెరువుకు రొయ్యల్ని తుడిచిపెట్టే వైట్‌స్పాట్ జబ్బు తగిలించింది. (ఇంటిపేరు ఇక్కడ రాయను. మళ్ళీ ఎవరో చుట్టమంటారు.) ముందు వరసలో ఉన్న పెద్దాయన, ఈయన ఎవరి తాలూకు అని పక్కాయన్ని అడిగారు. అంతే, ఒకాయన తోడల్లుడి వరస కలిపాడు. ఇంకొకాయన మొన్న పెళ్ళిలో చూశానన్నాడు.

"చెరువు పోయి ఆయన ఏడుస్తుంటే, ఇలా పదిమందిలో చూపిస్తారా అండీ?" అన్నారు పెద్దాయన.

"అలాంటి మనిషే పుట్టలేదండీ. నేనే కంప్యూటర్లో తయారుచేశాను."

"మా వాణ్ణి పట్టుకుని పుట్టలేదంటావేంటయ్యా?" అన్నాడు తోడల్లుడి వరస కలిపినాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పుట్టించిన మనిషికి నాకు తెలియని చుట్టాలా! బావ నా వైపు మాట్లాడతాడనుకుంటే, సుబ్బారావు గారి వివరాలు తీసేస్తామని వాళ్ళకు దణ్ణం పెట్టాడు. బయటికొచ్చాక, పేరు పెట్టమన్నాను గానీ జబ్బు పెట్టమన్నానా అని నా మీదే ఎగిరాడు. రైతులు యాప్ తీసుకోలేదు, నా ఉద్యోగం ఊడింది. లేనివాడి పరువు కోసం ఉన్నవాడి పొట్ట కొట్టారు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

మొన్న మచిలీపట్నంలో ఓ పెళ్ళి భోజనాల్లో ఆ పెద్దాయనే నా పక్కన కూర్చున్నారు. నన్ను గుర్తుపట్టి, కాస్త దగ్గరికి వంగారు.

"అబ్బాయ్, ఆ బంటుమిల్లాయన చెరువు కోలుకుందా?"

ఇన్నేళ్ళ కోపం నోటిదాకా వచ్చింది. కానీ ఆయన ముఖంలో నిజంగానే దిగులుంది.

"కోలుకుందండీ. ఈసారి రొయ్య బాగా పెరిగింది," అన్నాను.

ఆయన హమ్మయ్య అనుకుని, నాకింకో బూరె వేయమని వడ్డించేవాళ్ళను పిలిచారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సుబ్బారావు గారికి పిల్లల్ని ఎంతమందిని పెట్టానా అని గుడివాడ వచ్చేదాకా గుర్తుచేసుకుంటూనే ఉన్నాను.