జపాను తొట్టిలో బాప్తిస్మం గౌను

బుధవారం పొద్దున్న, బర్మాలో యాంగోన్‌నించి మింగళాడోన్ వెళ్ళే దారిలో ఉన్న జపాను స్నానాలశాలలో, ఆడవాళ్ళ వేడినీళ్ళ తొట్టి అడుగున బిగించిన ఇనప జాలీలో ఒక తెల్లటి బాప్తిస్మం గౌను అంచు ఇరుక్కుపోయింది. గౌనులో శాంతమ్మ ఉంది.

ఆ జాలీలోంచి నీళ్ళు లాగే పంపు రెండుసార్లు దగ్గి, తరవాత గుర్రుమంది. శాంతమ్మ పీకలదాకా నీళ్ళలో కూర్చుని, తనకేమీ సంబంధం లేనట్టు ఎదురు గోడమీది కొండ బొమ్మ వంక చూస్తూ ఉండిపోయింది. తెలియని చోటికి వెళ్ళి అక్కడిదేదో పాడుచేసినప్పుడు పెద్దమనుషులందరూ చేసే పనే అది.

స్నానానికి గౌనేమిటి, అందులోనూ బాప్తిస్మం గౌనేమిటి అని అడుగుతారు మీరు. చెప్పాలి కాబట్టి చెబుతాను.

శాంతమ్మది యాంగోన్ రేవు దగ్గరి అహ్లోన్ పేట. తాత శ్రీకాకుళం వైపునించి బియ్యం మిల్లులో మూటలు మోయడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆమెకి రేవుకి వెళ్ళే వీధి మొగలో దోసెల బండి ఉంది. చీకటితోనే పెనం పెడితే ఎండెక్కి జనం పలచబడేదాకా నిలబడే ఉంటుంది. ఇంటికొస్తే నాలుగో అంతస్తు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే పంపు ఆడుతుంది కాబట్టి, అది రానిరోజున కింద కుళాయినించి బకెట్లు మోసుకోవాలి. ఆ కాళ్ళ మీద నరాలు చిక్కుపడిన నూలుండల్లా ఉబ్బి ఉంటాయి. కూర్చోవడమంటే ఆమెకి తెలిసింది ఆదివారం గుళ్ళో బెంచీ ఒక్కటే. అక్కడ కూడా పాటకి లేవమంటారు, ప్రార్థనకి లేవమంటారు.

సంఘంలో ఆమెకొక బాధ్యత ఉంది. బాప్తిస్మం గౌనులు కుట్టడం, ఉతకడం, ఎండబెట్టడం. మనవాళ్ళది నిలువునా ముంచే పద్ధతి. వేదిక కింద సిమెంటు తొట్టి, నడుంలోతు నీళ్ళు. ఒకసారి ఒక పెళ్ళికాని పిల్ల తొట్టిలో దిగగానే గౌను గాలి పోసుకుని గొడుగులా పైకి లేచింది. పాస్టరుగారు కళ్ళు గట్టిగా మూసుకుని, పిల్ల ఏ వైపుందో చేత్తో తడుముకుని ముంచారు. గాయకబృందం ఎప్పుడూ పాడనంత గట్టిగా పాడింది. ఆ మర్నాడే శాంతమ్మ రేవులో వలలకి కట్టే సీసం గుళ్ళు తెచ్చి, తాడుకి గుచ్చి, ప్రతి గౌను అంచులోనూ పెట్టి కుట్టేసింది. ఆ తరవాత ఏ ఆడపిల్ల గౌనూ లేవలేదు. అహ్లోన్‌లో శాంతమ్మకున్న మర్యాదలో సగం ఆ సీసం గుళ్ళదే.

ఇక కూతురు కెరెన్. ఇరవైనాలుగేళ్ళ పిల్ల. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి పనిచేసేది. ఫ్యాక్టరీ మూతపడేనాటికి సాయంత్రాలు గోడకి జారబడి పిక్కలు నొక్కుకోవడం మొదలుపెట్టింది. అది చూసిననాడు శాంతమ్మ అన్నం తినలేదు. తన కాళ్ళే పిల్లకి అంటుకుంటున్నాయనిపించింది.

అలాంటి సమయంలో దొరికింది ఈ స్నానాలశాల పని. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే జపాను వాళ్ళ కోసమని నొగుచి అనే జపాను ఆవిడ కట్టించింది. యాంగోన్‌లో నేలలోంచి వేడినీళ్ళెక్కడ ఊరతాయి? బోరు నీళ్ళు కాచి, తమ దేశంనించి తెప్పించిన గంధకం పొడేదో కలుపుతుంది. జపాను వాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, ఆవిడ ఉండిపోయింది. ఇప్పుడు కాస్త కలిగిన బర్మా ఆడవాళ్ళు వస్తున్నారు. కెరెన్ వాకిట్లో కూర్చుని తువ్వాళ్ళు ఇవ్వాలి, చెప్పులు సర్దాలి, వచ్చినవాళ్ళకి పద్ధతులు చెప్పాలి.

"కూర్చునా?" అంది శాంతమ్మ, మొదటిరోజు.

"కుర్చీ ఉందమ్మా. వెనక దిండు కూడా ఉంది."

శాంతమ్మ ఆ రాత్రి ప్రార్థనలో కుర్చీకి విడిగా, దిండుకి విడిగా స్తోత్రం చెప్పింది.

ఆ కుర్చీ ఇంకా కెరెన్‌ది కాలేదు. నొగుచి గారికి ఒక పట్టుదల ఉంది. పిల్లని పనిలో ఖాయం చేసేముందు ఆ పిల్ల తల్లి వచ్చి తనతోపాటు ఆ నీళ్ళలో స్నానం చెయ్యాలి. ఇంటివాళ్ళకి పనికిరాని నీళ్ళకి ఇంటిపిల్లని కాపలా పెట్టనంటుంది. ముందొక పిల్ల తల్లి సిగ్గుపడి రాలేదు. ఆ పిల్ల ఇప్పుడక్కడ లేదు.

"ఎల్దాంలే. దానికేటి? స్నానమే కదా," అంది శాంతమ్మ దోసె తిరగేస్తూ.

"ఒక మాట చెప్పాలి, కోప్పడకు." కెరెన్ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గుడ్డల్లేకుండా దిగాలి."

"ఎవులు?"

"అందరూనే."

"టమేన్ కట్టుకుని కదేటి?" టమేన్ అంటే ఆ ఊరి ఆడవాళ్ళ లుంగీ. స్నానానికి దాన్ని చంకల కిందకి లాగి కట్టుకుంటారు. శాంతమ్మ పుట్టి బుద్ధెరిగాక పెరటి గాబు దగ్గర, వీధి కుళాయి దగ్గర, ఎక్కడ నీళ్ళు పోసుకున్నా అలాగే పోసుకుంది. నలుగురు మగవాళ్ళు పక్కనించి నడిచి వెళ్ళినా వేలెడు ఒళ్ళు కనపడకుండా సబ్బు రుద్దుకుని, తడి టమేన్ మీద పొడిది తొడుక్కుని తడిది కిందకి జార్చెయ్యగలదు.

"టమేన్ కూడా ఒద్దమ్మా. చిన్న తువ్వాలు ఇస్తారు. అది నెత్తిమీద పెట్టుకోవాలి."

"నెత్తిమీదా!" శాంతమ్మ పెనం మీద దోసె మాడిపోయింది. "ఉన్న ఒక్క గుడ్డా నెత్తిమీదేటే! మీ నాన్నక్కూడా..." అని ఆగిపోయి, కూతురికి చెప్పాల్సిన సంగతి కాదని గుర్తొచ్చి, పెనం గీకడం మొదలెట్టింది.

"రాకపోతే మానెయ్. ఇంకో ఫ్యాక్టరీలో అడుగుతాను," అని కెరెన్ ఒంగి పిక్క నొక్కుకుంది. కావాలనే నొక్కుకుందో ఏమో, ఈ కాలం పిల్లలు తెలివైనవాళ్ళు.

శాంతమ్మ ఆలోచించింది. నిలువునా నీళ్ళలో మునగడమన్నది తన జన్మలో ఒక్కసారే జరిగింది, అది గౌనుతో జరిగింది. దేవుడి సన్నిధిలోనే గౌను తప్పుకానప్పుడు జపాను ఆవిడ సన్నిధిలో తప్పెలా అవుతుంది? పైగా తెల్లనిది, ఉతికినది, అంచులో సీసం ఉన్నది. బుధవారంనాడు బండి పక్కింటి విజయకి అప్పగించి, గౌను మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. గౌను సంగతి కెరెన్‌కి చెప్పలేదు. కిక్కిరిసిన బస్సులో దారిపొడుగునా నిలబడే వెళ్ళిందని వేరే చెప్పాలా?

లోపల చిన్న పీటలు, చెక్క బకెట్లు, వరసగా కుళాయిలు. ముందు ఒళ్ళంతా కడుక్కుని ఆ తరవాతే తొట్టిలో దిగాలన్నది అక్కడి కట్టడి. ఆవిరికి ఎవరు ఎవరో తెలియడం లేదు. ఒక బర్మా ఆవిడ అటు తిరిగి తల రుద్దుకుంటోంది. శాంతమ్మ మూల కుళాయి దగ్గర గౌను తొడుక్కుని, గౌను లోపలే మెడనించి మడమదాకా శుభ్రంగా తోముకుంది. కుళాయి తిప్పుతుంటే ఎంతకీ ఆగకుండా వేడినీళ్ళు వస్తున్నాయి. రెండుసార్లు కట్టేసి, మళ్ళీ తిప్పి చూసింది. నిజంగానే వస్తున్నాయి.

తొట్టిలో దిగింది. గౌను లేవలేదు. సీసం గుళ్ళు నమ్మకంగా అడుగుకి లాగాయి. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి, కూర్చుంటే మెడ దాకా వచ్చాయి. ఆమె కాళ్ళు తనవి కానట్టయిపోయాయి. ఎవరో వచ్చి, ఇన్నాళ్ళూ మోసావు, కాసేపు ఇటివ్వమని తీసుకున్నట్టుంది. ఒలమ్మా అనుకుని, వెచ్చగా నీళ్ళు కదులుతున్న వైపు కొంచెం జరిగింది. అక్కడే ఉంది జాలీ.

పంపు గుర్రుమనేసరికి ఆవిరిలోంచి ఒక ముసలావిడ తల ఇటు తిరిగింది. నెత్తిమీద తువ్వాలు నాలుగు మడతలుగా కూర్చుని ఉంది. నొగుచి గారు అప్పటికే నీళ్ళలో ఉంది.

కెరెన్ పరిగెత్తుకొచ్చింది. తల్లి భుజాలమీద తెల్లగుడ్డ చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మా! ఇది గుడి గౌను కాదేటి?"

"అరవకే. పంపు ఆపమను ముందు."

కెరెన్ తలుపు దాకా వెళ్ళి కేకేసింది. పంపు ఆగింది. కానీ సీసం గుళ్ళు జాలీ సందుల్లోంచి కిందకి దిగి అడ్డంగా పడ్డాయి. శాంతమ్మ లాగితే రాలేదు, కెరెన్ చెయ్యి పెట్టి లాగితే రాలేదు.

"మరలు విప్పాలి," అంది కెరెన్ ఏడుపు గొంతుతో. "బాయిలర్ దగ్గర దండాసి ఉన్నాడు. పిలవాలి."

"ఏ దండాసి?"

"ఇంకే దండాసమ్మా? మన దండాసే."

మన దండాసి అంటే గుళ్ళో శాంతమ్మ వెనక బెంచీలో నిలబడి బొంగురు గొంతుతో పాడే దండాసి. అతను స్క్రూడ్రైవరు పట్టుకుని ఈ తొట్టిలో దిగడం, తన గౌను అంచు కింద చెయ్యిపెట్టి వెతకడం, ఆ తరవాత వచ్చే ఆదివారం వెనకనించి అదే గొంతు వినడం, అన్నీ వరసగా శాంతమ్మ కళ్ళముందు కనపడ్డాయి.

నొగుచి గారు ఇటే చూస్తోంది. ఆ చూపు గౌను మీదినించి కెరెన్ మీదికి వెళ్ళింది. కుర్చీ, దిండు, రెండూ ఆ చూపులోనే ఉన్నాయి.

"కెరెన్, నువ్వటు తిరుగు," అంది.

తిరిగింది. శాంతమ్మ కళ్ళు మూసుకుని, గౌను మెడ గుండీ విప్పి, పాము కుబుసం విడిచినట్టు అందులోంచి జారి బయటికొచ్చింది. గౌను అడుగున మనిషి ఆకారంలో పరుచుకుని ఉండిపోయింది.

చాలాసేపటికి ఒక కన్ను తెరిచింది. ఎవరూ చూడటం లేదు. బర్మా ఆవిడ ఇంకా తలే రుద్దుకుంటోంది. ఇంతకాలం ఇంత జాగ్రత్తగా దాచుకున్న ఒంటిమీద ఎవరికీ ఏ ఆసక్తీ లేకపోవడం శాంతమ్మకి హాయిగానే కాదు, ఒక్క క్షణం కొంచెం కష్టంగా కూడా అనిపించింది.

"సయామా," అంది బర్మా భాషలో, పంతులమ్మల్ని పిలిచినట్టు. "తప్పు నాది. పిల్లకి తెలీదు. పిల్లనేమీ అనకండి."

నొగుచి గారికి బర్మా మాటలు ముక్కలుముక్కలుగా వచ్చు. "ఆ గౌను ఏమిటి?"

"మా దేవుడి దగ్గర మునిగేటప్పుడు తొడుక్కునేది. నీళ్ళలో దిగడానికి మంచి గుడ్డ అదొక్కటే ఉంది మా ఇంట్లో."

నొగుచి గారు అడుగున పరుచుకున్న గౌను వంక చూసింది. "వచ్చిన తల్లులందరూ పాత టమేన్ కట్టుకొస్తారు. నేను విప్పమంటాను, వాళ్ళు ఏడుస్తారు," అంది. తరవాత తన కాలు కొంచెం పైకెత్తింది. మోకాలు మీద నిలువునా కోత మచ్చ, దాని కింద పిక్కంతా నూలుండలు. "మా అమ్మ స్నానాలశాల నడిపేది. నేలలు నేను తోమేదాన్ని. నిలబడి."

శాంతమ్మ తన కాలు పక్కన పెట్టింది. రెండు కాళ్ళనీ ఇద్దరూ నీళ్ళలోంచి చూసుకున్నారు. ఎవరివి ఎక్కువ ఉబ్బాయో తేల్చడానికి కాస్త సమయం పట్టింది. శాంతమ్మవే.

"మీరేం చేస్తారు?"

"దోసెలు."

"నిలబడి?"

"కూకుంటే పెనం అందదు."

నొగుచి గారు కెరెన్ వైపు తిరిగింది. "ఆ పిల్ల కాళ్ళు చూశాను, వచ్చిన రోజే. ఉంచుకుంటాను," అంది, తువ్వాలు సర్దుకుంటూ, వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా. "ఇప్పుడు మాట్లాడకండి. నీళ్ళు చల్లారిపోతాయి."

కెరెన్ తలుపు దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంది. శాంతమ్మ గట్టుకి జరిగింది. తల వెనక్కి ఆనించింది. నిలబడినవన్నీ, మోసినవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఒళ్ళో కూర్చుని, కరిగి పక్కకి జరుగుతున్నట్టుంది. బర్మా ఆవిడ దిగి, నాని, వెళ్ళిపోయింది. నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. నొగుచి గారు రెండు చేతులతో గట్టు పట్టుకుని, అయ్యో అన్నట్టు ఏదో అనుకుంటూ లేచి, గట్టుమీద నిలబడి శాంతమ్మ లేస్తుందేమోనని ఎదురుచూసింది. ఎదురుచూసి, కెరెన్‌ని పిలిచి చెవిలో ఏదో చెప్పి లోపలికెళ్ళింది.

"అమ్మా, లే." కెరెన్ తువ్వాలు పట్టుకుని గట్టుమీద ఒంగింది. "దండాసి బయట సామాను పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు లేస్తే గాని జాలీ విప్పలేడు, పంపు ఆడదు. నొగుచి గారు కూడా విసుక్కుంటోంది. దిగడానికేమో అంత గొడవ చేసావు, ఇప్పుడు లెమ్మంటే లేవవు. ఏటిది?"

శాంతమ్మ కళ్ళు తెరవకుండానే ఒక చెయ్యి మాత్రం నీళ్ళలోంచి పైకెత్తింది.

"పాస్టరుగారైనా ముంచినాక సెయ్యిచ్చి లేపుతారే, ఒట్టి కేకలెయ్యరు."