గట్టు మీద ఫొటో

గవర్నర్‌పేటలో పత్రికాఫీసు మెట్లు దిగి, నీటి తగాదాల మీద పరిశోధన చేసే ఒక చిన్న సంస్థలో చేరినప్పుడు మా ఆవిడ, "ఇన్నాళ్లూ విలేకరి, ఇక పనిలేకరి అన్నమాట" అంది. కాలమ్ రాసేవాణ్ణి కాలువ దగ్గరికి మారానంతే అని సర్దిచెప్పబోయాను. నవ్వలేదు. తగాదాలు ఎందుకొస్తాయో తెలుసుకుని, ఎలా తగ్గించాలో ప్రభుత్వానికి చెప్పడం నా కొత్త పని. ఎలా ముదురుతాయో మాత్రం ముందే తెలుసు; పత్రికలో వాటికి హెడ్డింగులు పెట్టింది నేనేగా.

మొదటి పని కంకిపాడు అవతల ఒక పిల్లకాలువ మీద పడింది. ఎగువ వాళ్ల చేలల్లో నాట్లు పూర్తయ్యాయి. కాలువ చివర శివారు వాళ్ల నారుమళ్లు నెర్రెలిస్తున్నాయి. త్వరగా తడి అందకపోతే ఆ నారు ఇక పశువులకే. ఇరుపక్షాలకూ మాటల్లేవు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడానికి వారమంతా ఇంటింటికీ తిరిగి, ప్రతి ఇంట్లోనూ టీ తాగి, ఆఖరికి గట్టు మీద తుమ్మచెట్టు నీడలో టార్పాలిన్ పట్టా పరిచాను.

మాటలు మెల్లగానే మొదలయ్యాయి. ఎగువ పెద్దాయన, శివారు రైతమ్మను "మీ పిల్లకి సంబంధం కుదిరిందంటగా" అని పలకరించారు.

"కుదిరిందండీ" అందావిడ.

నాకు ఆనందం ఆగలేదు. ఫొటో తీద్దామని ఫోన్ పైకెత్తాను.

అంతే, పట్టా ఖాళీ. పేపరు ఫొటోకి ఎలా నిలబడాలో మా వైపు అందరికీ తెలుసు, నేర్పింది మాలాంటివాళ్లమే. శివారు వాళ్లు పక్క మడిలోకి దిగి నారు పీకి, గుప్పిళ్లు చాచి వరస కట్టారు. ఎగువ వాళ్లు ఊరుకుంటారా? పిడికిళ్లు బిగించారు.

"వేలు తూము వైపు చూపించమంటారా, వాళ్ల వైపా?" అని నన్నడిగాడు శివారు రైతొకాయన.

"మా వైపేంటయ్యా? మేం దొంగలమా?" పెద్దాయన కండువా దులిపి చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

వారం రోజుల టీలు నీళ్లపాలు.

"ఆగండి బాబూ! ఇది పేపర్లో రాదు!" అని అరిచాను.

"రాదా?" అంది రైతమ్మ, నారు పట్టుకునే. "పోనీ టీవీలో?"

"అందులోనూ రాదమ్మా."

"మరి పచ్చగా ఉన్నవి కూడా పీకించావు కదయ్యా! అసలెందుకొచ్చావు నువ్వు?"

"మీరు మాట్లాడుకుంటే విందామని."

"దానికి ఉద్యోగమిచ్చారా!" అన్నారు పెద్దాయన. ముందు ఆయనే పగలబడి నవ్వారు, తర్వాత అటూ ఇటూ అందరూ. నన్ను చూసి నవ్వడం మీద ఇరుపక్షాలకూ తొలి ఏకాభిప్రాయం కుదిరింది.

ఆయన చెప్పులు విడిచి మళ్లీ కూర్చున్నారు. ఆవిడ చేతిలోని నారు అందుకుని వేళ్లతో తడిమారు. "వేరింకా బతికే ఉందమ్మా. ఈ పూటే మా తూములు మూసేస్తాం. రేపు సాయంత్రం దాకా నీళ్లు మీవే. తర్వాత వంతుల సంగతి మాట్లాడుకుందాం."

"తూముల దగ్గరుండే మీ అబ్బాయి ఒప్పుకుంటాడా అన్నయ్యా?"

"ఒప్పుకోకపోతే ఈయన్ని పంపిస్తా. కూర్చుని వింటాడు."

నీళ్లు శివారు చేరేసరికి నేను ప్యాంటు మడిచి నారుమడిలో ఉన్నాను. పీకించిన మొక్కల్ని తిరిగి గుచ్చే పని ఆవిడ నాకే అప్పజెప్పింది.

"అంత లోతుకి గుచ్చకయ్యా, ఊపిరాడదు దానికి" అంటోంది గట్టు మీద కూర్చుని.